పూయనివ్వని పూలపొద

హైదరాబాదు గానివ్వండి, బెంగుళూరు గానివ్వండి, ఏ సాఫ్టువేరు కంపెనీ ఆవరణలో చూసినా ఓ మొక్క తప్పకుండా కనబడుతుంది. మోకాలెత్తున, స్కేలు పెట్టి గీసినట్టు, పసుప్పచ్చగా మెరిసిపోతూ వరసగా నిలబడి ఉంటుంది. సెక్యూరిటీ గేటు నుంచి ఫుడ్ కోర్టు దాకా దాని పక్కనుంచే నడుస్తాం. రోజుకు నాలుగుసార్లు చూసే ఈ మొక్క పేరేమిటని మా టీములో పదిమందిని అడిగాను. తొమ్మిదిమంది "క్రోటన్ కదా" అన్నారు. పదో ఆయన "ఏదో గడ్డి జాతి అనుకుంటా" అన్నాడు :)

దాని పేరు గోల్డెన్ డురాంటా. క్రోటనూ కాదు, గడ్డీ కాదు. అదొక పూలపొద. వదిలేస్తే మనిషెత్తు దాటుతుంది. కొమ్మల చివర లేత ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. తర్వాత పసుపు పూసల్లాంటి కాయలు కాస్తాయి. ఇన్నేళ్ళుగా మన కళ్ళముందే ఉన్నా మనలో చాలామందిమి దాని పువ్వును చూసి ఉండం. కారణం ఏమీ లేదు, మనం దాన్ని పూయనివ్వం. రెండు మూడు వారాలకోసారి పెద్ద కత్తెరతో తల తీసేయిస్తాం. ఒక పూలమొక్కను తెచ్చి, జీతమిచ్చి మరీ పూయకుండా కాపలా కాసే ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మొదలుపెడితే, కథ రోము దాకా వెళ్ళింది.

ముందు పేరు సంగతి. కాస్టోరె డురాంటె అని 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు. మందుమొక్కల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1585లో అచ్చయింది. ఆయన ఈ మొక్కను చూడలేదు. ఇది మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా, కరీబియన్ దీవుల్లో పెరిగే మొక్క. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ తరఫున షార్ల్ ప్లుమియే అనే సన్యాసి కరీబియన్ దీవులకు మూడుసార్లు వెళ్ళి మొక్కలు సేకరించాడు. 1703లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మొక్కకు డురాంటె గౌరవార్థం 'కాస్టోరియా' అని పేరు పెట్టాడు. తర్వాత లిన్నేయస్ వచ్చి, ముందు పేరు కాదు ఇంటిపేరు వాడదామని 'డురాంటా' చేశాడు. 1753 నాటి ఆయన గ్రంథంలో డురాంటా ఎరెక్టా, డురాంటా రెపెన్స్ అని రెండు జాతులున్నాయి. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. ఒకే ఫంక్షను రెండు పేర్లతో రెండు ఫైళ్ళలో ఉన్నట్టన్నమాట. డాక్యుమెంటేషను సరిచేసినా జనాలు పాత పేరు వదలరు కదా, నర్సరీ బోర్డుల మీద రెపెన్స్ అన్న పేరు ఇప్పటికీ కనబడుతుంది. అన్నట్టు, ఆ ప్లుమియే పేరు కూడా మనకు పరిచయమే. మన గుళ్ళ దగ్గర ఉండే దేవగన్నేరు శాస్త్రీయ నామం ప్లుమేరియా, ఆయన పేరు మీద పెట్టిందే.

ఇహ కత్తెర సంగతి. చెట్లను కత్తిరించి ఆకారాలు తీసే విద్యను గైయస్ మాటియస్ అనే ఆయన మొదలుపెట్టాడని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. ఈ మాటియస్ అగస్టస్ చక్రవర్తికి స్నేహితుడు. పెద్ద ప్లినీ మేనల్లుడు, చిన్న ప్లినీ, తన పల్లె బంగళా తోట గురించి ఓ ఉత్తరంలో వర్ణించాడు. అక్కడ పొదల్ని జంతువుల ఆకారాల్లోనూ అక్షరాల ఆకారంలోనూ కత్తిరించేవారట. ఆ అక్షరాలు ఏం చెప్పేవో తెలుసా? కొన్నిచోట్ల యజమాని పేరు, కొన్నిచోట్ల వాటిని కత్తిరించిన తోటమాలి పేరు.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రోములో తోటపని చేసేవాళ్ళు ఎక్కువమంది బానిసలు. అలాంటి సమాజంలో, ఓ ధనవంతుడి తోటలో, పని చేసినవాడి పేరు పచ్చటి ఆకుల్లో రాసి ఉండేది! రెండువేల ఏళ్ళ తర్వాత మన ఐటీ పార్కుల్లో కూడా పొదల్తో అక్షరాలు రాస్తున్నారు. పసుపు డురాంటా, దాని పక్కన ఎర్రాకు మొక్క, రెండూ కలిపి కంపెనీ లోగో. యజమాని పేరు మాత్రం మిగిలింది. రెండో పేరు ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు.

సరే, మళ్ళీ చరిత్రలోకి. 1660ల నుంచి వెర్సాయ్‌లో లె నోత్ర్ వేసిన తోటల్లో ఈ కత్తెర విద్య పరాకాష్ఠకు చేరింది. కనుచూపు మేర సరళరేఖలు. రాజు ఆజ్ఞను మనుషులే కాదు, చెట్లు కూడా పాటిస్తాయని చూపించడం దాని అసలు ఉద్దేశం. యూరపు రాజులంతా కాపీ కొట్టారు. ఇంగ్లండులో మాత్రం ఎదురుదాడి మొదలైంది. 1712లో ఎడిసన్ అనే వ్యాసకర్త, చెట్టును చెట్టులా కాకుండా జ్యామితి బొమ్మలా చూడ్డమేమిటని రాశాడు. మర్నాటి ఏడు కవి అలెగ్జాండర్ పోప్ ఇంకో అడుగు ముందుకేసి, కత్తిరించిన పొదల అమ్మకపు జాబితా ఒకటి ఉత్తుత్తిగా తయారుచేసి ఎగతాళి చేశాడు. ఆదాము, అవ్వ, సెయింట్ జార్జి, అందరూ పొదలే. ఆ తర్వాత 'కేపబిలిటీ' బ్రౌన్ వంటివాళ్ళు వచ్చి ఆ గీతల తోటల్ని తుడిచిపెట్టి, గుట్టలూ చెరువులూ ఉన్న 'సహజమైన' తోటలు వేశారు. అవీ లక్షలు పోసి తయారుచేసిన సహజత్వమే అనుకోండి.

ఫ్యాషన్లు గుండ్రంగా తిరుగుతాయి. విక్టోరియా రాణి కాలానికి గీతలు మళ్ళీ వచ్చాయి. ఈసారి రంగులతో సహా. 1845లో ఇంగ్లండు గాజు మీద పన్ను ఎత్తేసింది, గాజుటిళ్ళు చవకయ్యాయి. వేడిదేశాల మొక్కల్ని లోపల వేలకొద్దీ పెంచి వేసవిలో బయట తివాచీలా పరిచేవారు. దానికి పూలకంటే రంగు ఆకులే అనువు, ఎందుకంటే పువ్వు వాడుతుంది, ఆకు సీజనంతా ఉంటుంది. బంగారు రంగు ఆకుల మొక్కలకు గిరాకీ ఊపందుకున్నది అప్పుడే. 'గోల్డెన్ ఫెదర్' అనే చామంతి జాతి మొక్కను కేవలం పసుపు ఆకుల కోసం పెంచి, పువ్వు రాకముందే గిల్లేసేవారు. మన డురాంటా కథకు ఇదే ముందు అధ్యాయం. పువ్వు అనవసరం, ఆకు రంగు చాలు అనే నిర్ణయం అక్కడ జరిగింది.

దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు విలియం రాబిన్సన్. ఐర్లండులో తోటపనివాడుగా జీవితం మొదలుపెట్టి, 1870లో 'ద వైల్డ్ గార్డెన్' అనే పుస్తకం రాశాడు. మొక్కను దాని స్వభావానికి తగ్గట్టు పెరగనివ్వమనేది ఆయన వాదం. 1892లో బ్లామ్‌ఫీల్డ్ అనే ఆర్కిటెక్టు గీతల తోటల్ని సమర్థిస్తూ పుస్తకం రాస్తే, రాబిన్సన్ అదే ఏడు ఇంకో పుస్తకంతో విరుచుకుపడ్డాడు. తోట ఎవరిది, గీత గీసేవాడిదా మొక్క తెలిసినవాడిదా అన్నది వాళ్ళ తగువు. ఆర్కిటెక్టుకూ డెవలపరుకూ మధ్య తగువులు మనకు కొత్తేమీ కాదు కాబట్టి ఇది నాకు బాగా అర్థమైంది :)

మన దేశంలో కంచె కథ వేరు. మన ఊళ్ళలో కంచె అంటే గోరింట, వాక్కాయ, కిత్తనార, నాగజెముడు. గోరింట కంచెను ఎవరూ స్కేలు పెట్టి కత్తిరించరు. ఆషాఢంలో ఆడపిల్లలు కోసుకుపోవడమే దానికి కత్తిరింపు. వాడుకే దాని కొలత. అదే కంచెను ప్రభుత్వం చేతిలో పెడితే ఏమవుతుందో 19వ శతాబ్దంలో చూశాం. ఉప్పు పన్ను ఎగ్గొట్టకుండా ఆపడానికి బ్రిటిషువాళ్ళు సింధు నది వైపు నుంచి మహానది వైపు దాకా సుమారు 2,300 మైళ్ళ కస్టమ్స్ సరిహద్దు పెట్టారు. అందులో చాలాభాగం ముళ్ళకంచె. కొంత ఎండు కంప, కొంత బతికున్న మొక్కలు: తుమ్మ, రేగు, వాక్కాయ, నాగజెముడు. దాని కాపలాకు సుమారు 12 వేలమంది. 1867 నుంచి 1870 దాకా ఆ పనిమీద కమిషనరుగా ఉండి కంచెను బలపరిచినాయన ఎవరో కాదు, తర్వాత 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకున్న ఏ.ఓ. హ్యూమ్. 1879లో ఆ సరిహద్దును ఎత్తేశారు. కాపలా పోయాక కంచె మళ్ళీ వట్టి పొదలైపోయింది, చివరికి ఆనవాళ్ళు కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. కత్తిరించేవాడు లేకపోతే కంచె అనేది లేదు. డురాంటా వరస కూడా అంతే. దాన్ని గీతలా నిలబెడుతున్నది మొక్క కాదు, మనిషి.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. విదేశీ మొక్కల్ని తెచ్చి పెంచి చూసే పని తెలుగునేలకు కొత్త కాదు. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ గార్డెనుకు వెళ్ళకముందు పనిచేసింది మన సామర్లకోటలోనే. అక్కడ మిరియాల సాగు వంటి ప్రయోగాలు చేశాడు. అక్కణ్ణుంచి రాజమండ్రి వైపు వస్తే కడియం, కడియపులంక. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు పారిన గోదావరి మట్టి. ఆ మట్టిలో పుట్టిన నర్సరీలు ఇవాళ దేశం నలుమూలలకీ లారీల్లో మొక్కలు పంపుతున్నాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాదులో గాజు భవనాలు ఒకదాని వెనక ఒకటి లేచాయి, వాటి చుట్టూ వేలకొద్దీ చదరపు గజాల 'ల్యాండ్‌స్కేపింగు' కావాల్సొచ్చింది. దానికి డురాంటాకు మించిన మొక్క లేదు. ఎండకు తట్టుకుంటుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, మేకలు పెద్దగా ముట్టవు, కత్తిరిస్తే విసుక్కోదు. అన్నిటికంటే ముఖ్యంగా నాటిన నెలకల్లా ఫోటోలో బాగా పడుతుంది.

ఆ పసుపు రంగు వెనక ఓ చిన్న జీవశాస్త్రం ఉంది. మామూలు డురాంటా ఆకు ముదురాకుపచ్చ. బంగారు రకంలో పత్రహరితం తక్కువ, అంచేత మామూలుగా దానికింద దాక్కునే పసుపు వర్ణకాలు పైకి కనబడతాయి. ఎండ పడే లేతాకుల్లో ఈ పసుపు ఎక్కువ. నీడలో పడ్డా, ముదిరినా ఆకు పచ్చబారుతుంది. అంటే బంగారం కావాలంటే ఎప్పుడూ లేతాకు పైన ఉండాలి. లేతాకు కావాలంటే కత్తిరిస్తూనే ఉండాలి. మొక్కకు వయసు రానివ్వకూడదన్నమాట. ఇంకో సంగతి, గింజ వేస్తే బంగారు రంగు వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి ఈ రకాన్ని కొమ్మ కత్తిరింపులతోనే పెంచుతారు. ఒక్కో వరసలోని మొక్కలన్నీ ఒకే మొక్కకు కాపీలు. అప్పుడప్పుడు ఒక కొమ్మ తిరగబడి పాత పచ్చరంగుకు పోతుంది. దానిలో పత్రహరితం ఎక్కువ కాబట్టి బలంగా పెరిగి మిగతా పొదను మింగేస్తుంది. దాన్ని మొదట్లోనే మొదలంటా తీసెయ్యాలి. బ్రాంచి ముదిరాక సర్దడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

కత్తిరిస్తే పొద ఎందుకు గుబురవుతుంది? కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను పక్క మొగ్గల్ని లేవనివ్వదు. ఆ పెత్తనం ఆక్సిన్‌దేనని థీమన్, స్కూగ్ అనే ఇద్దరు 1933లో చూపించారు. 2008లో స్ట్రైగోలాక్టోన్లు అనే మరో రకం హార్మోన్ల పాత్ర కూడా బయటపడింది. కొన తెగ్గానే పక్క మొగ్గలు రెండు మూడు ఒకేసారి లేస్తాయి. మళ్ళీ కత్తిరిస్తే వాటికి పక్కన మరికొన్ని. కొన్నాళ్ళకు పైన దట్టమైన ఆకుల పెంకు, లోపల ఎండ సోకని ఎండు పుల్లలు. ఈసారి ఆ వరసను వేళ్ళతో విడదీసి లోపలికి చూడండి. బంగారం అంగుళాల మందమే.

పువ్వు విషయం కూడా ఇక్కడే తేలుతుంది. డురాంటా కొత్త కొమ్మల చివళ్ళలో పూస్తుంది. మనం రెండు మూడు వారాలకోసారి తీసేస్తున్నది సరిగ్గా ఆ చివళ్ళనే.

కత్తిరింపులో రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద కత్తెర లేదా మిషనుతో పైపైన చదును చెయ్యడం. రెండోది చేతి కత్తెరతో ఒక్కో కొమ్మను చూసి, ముసలిదాన్ని మొదట్లో తీసి, కొత్తదానికి చోటివ్వడం. ఈ చేతి కత్తెర కనిపెట్టిన ఖ్యాతి బెర్ట్రాన్ ద మోల్‌విల్ అనే ఫ్రెంచాయనకు ఇస్తారు. పదహారో లూయీ దగ్గర నౌకాశాఖ మంత్రి. విప్లవంలో రాజు తల పోయింది, ఈయన అంతకుముందే ఇంగ్లండు పారిపోయి బతికిపోయాడు. అలాంటివాడు తల మొత్తం నరకకుండా కొమ్మ చూసి కోసే పనిముట్టు తయారుచేశాడంటే నవ్వొస్తుంది గానీ, తేడా మాత్రం నిజంగా పెద్దదే. మన భాషలో చెప్పాలంటే మొదటిది కోడ్ ఫార్మాటింగు, రెండోది రీఫ్యాక్టరింగు. మొదటిదానికి మిషను చాలు. రెండోదానికి మొక్క తెలిసిన మనిషి కావాలి.

ఆ మనిషి సంగతే నన్ను ఈ వ్యాసం రాయించింది. మా ఆఫీసు ఆవరణలో కత్తెర పట్టే ఆయనది పాలమూరు వైపు. ఎండలో వంగి పనిచేస్తుంటే ఓరోజు అడిగాను, ఇది పూస్తుందని మీకు తెలుసా అని. "ఎందుకు తెల్వదు సార్, మా ఊరి బడి కాడ ఒకటి ఉంటుండె, నిండ పూసేది. ఈడ పూత కనవడ్తే సూపర్‌వైజర్ ఊకుంటడా?" అన్నాడు. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తియ్యాలో ఆయనకు తెలుసు. ఆ తెలివికి మా కాంట్రాక్టులో చోటు లేదు. అక్కడ రాసి ఉన్నది ఎత్తు ఎన్ని అంగుళాలుండాలన్నదే.

మా అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో ఈ విషయం ఎత్తాను. వెనక గోడ పొడవునా ఉన్న వరసను శివరాత్రికి ఒక్కసారి, అదీ చేతి కత్తెరతో, మూడోవంతు ముదురు కొమ్మల్ని మొదట్లో తీసి వదిలేద్దామన్నాను. "అడవిలా ఉంటుందండీ, ఫ్లాటు రేటు పడిపోతుంది" అన్నారొకాయన. "పిల్లలు కాయలు తింటే?" అన్నారొకావిడ. ఆవిడ మాట నిజం. డురాంటా కాయలూ ఆకులూ మనుషులకు విషం, పిట్టలు తింటాయి గానీ మనం తినకూడదు. పైగా ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, హవాయి వంటి చోట్ల పిట్టల ద్వారా వ్యాపించి కలుపుమొక్కగా తయారైంది. దీని చుట్టమే అయిన లాంటానాను కూడా 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటలో అలంకారానికే తెచ్చారు, తర్వాత అది మన అడవుల్ని ఎలా ఆక్రమించిందో చూస్తూనే ఉన్నాం. అంచేత ఒప్పందం ఇలా కుదిరింది: పూలు రానివ్వాలి, పూలు రాలగానే కాయలు పండకముందే గుత్తులు కోసెయ్యాలి. ముందువైపు వరస మాత్రం గీతలాగే ఉంటుంది.

ఆ వర్షాకాలంలో వెనక గోడ ఊదారంగుకు తిరిగింది. తేనెటీగలూ సీతాకోకచిలుకలూ దిగాయి. లోపలి ఆకులు కాస్త పచ్చబారాయి, బంగారం సగమైంది, ఆ మాటా నిజమే. ఫ్లాటు రేటు మాత్రం పడలేదు :)

రోడ్డు మధ్య డివైడరు మీద పొదను కత్తిరించాల్సిందే, అవతలి బండి కనబడాలి. మలుపు దగ్గరా అంతే. అలాంటిచోట గీతకు ఓ పని ఉంది. ఏ పనీ లేనిచోట కూడా అదే గీత, అదే ఎత్తు, నగరమంతా అదే మొక్క కాపీలు ఎందుకన్నదే నా ప్రశ్న. వెర్సాయ్‌లో రాజుకు తన అధికారం చూపించుకోవాల్సిన అవసరం ఉంది. కస్టమ్స్ కంచెకు ఉప్పు పన్ను ఉంది. మన ఆఫీసు వెనక పార్కింగు దగ్గరి డురాంటా ఎవరి అధికారాన్ని చాటుతోంది?

నా కోరికలు చిన్నవే. ఫెసిలిటీస్ వాళ్ళకు ఒక మెయిలు కొట్టి, ఎవరికీ అడ్డం రాని ఒక్క వరసను ఈ వానల్లో పూయనివ్వమనండి. కాంట్రాక్టులో అంగుళాల పక్కన, తోటమాలి నిర్ణయానికి వదిలేసే ఒక్క లైను చేర్చమనండి. మూడోది మరీ తేలిక. రేపు ఆ వరస పక్కనుంచి నడిచేటప్పుడు కత్తెర పట్టుకున్న మనిషి కనబడితే పేరు అడగండి. రోములో ఆ పేరు పొదల్లోనే రాసి ఉండేది, మనం నోటితో అడిగి తెలుసుకోవాలి.